తాళం తిప్పే ముందు ఒక ప్రశ్న: న్యూట్రల్ స్విచ్ కథ

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక చిన్న స్విచ్ గురించి. అది ఉందని కూడా చాలామందికి తెలియదు. కానీ గేర్ల బైక్ నడిపే ప్రతి ఒక్కరూ దాని పని రోజూ చూస్తూనే ఉన్నారు. తాళం ఆన్ చేయగానే మీటర్లో పచ్చగా 'ఎన్' అని వెలుగుతుంది కదా, ఆ లైటు వెనక ఉన్నది న్యూట్రల్ స్విచ్. బైక్‌లో అది మీకు కబురు చెబుతుంది. ఆటోమేటిక్ కారులో, ట్రాక్టర్‌లో ఇంకో అడుగు ముందుకేస్తుంది: బండి గేర్‌లో ఉంటే అసలు సెల్ఫ్ పడనివ్వదు.

నేను వీడియోలు మొదలుపెట్టక ముందు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను, బీటెక్ చదివినవాణ్ణి. మా భాషలో చెప్పాలంటే ఇది ఒక్క లైను కోడ్. గేర్ న్యూట్రల్‌లో ఉంటేనే స్టార్ట్, లేకపోతే లేదు. అంతే. కానీ ఆ ఒక్క లైను బండ్లలోకి రావడానికి ఏళ్లకు ఏళ్లు పట్టింది. వచ్చాక దాన్ని మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఒక స్క్రూడ్రైవర్‌తో ఎట్ల పీకేస్తున్నమో, అదే ఈ రోజు అసలు విషయం. దానికి ముందు కొంచెం వెనక్కి పోవాలి.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు పోయినవాళ్లు అక్కడి పసుపు రంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. కారు చేతికి రాకముందే 1911లో ఆయన పోయారు. లోపల సింహాసనంలాంటి సీటు, బయట రాచ హంగులు. మరి ఆ బండి స్టార్ట్ కావాలంటే? ఒక మనిషి ముందు నిలబడి, ఇనుప హ్యాండిల్ దూర్చి, ఒళ్లంతా బలం పెట్టి తిప్పాలి. సిల్వర్ ఘోస్ట్‌లకు కరెంటు సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది 1919లో. అప్పటిదాకా రాజుగారి బండికైనా హ్యాండిలే గతి.

హ్యాండిల్ కొట్టడం ప్రమాదకరమైన పని. స్పార్క్ సమయం తప్పితే ఇంజన్ వెనక్కి తంతుంది. ఆ తన్నుకు మణికట్లు విరిగేవి. అందుకే పాత డ్రైవర్లు కొత్తవాళ్లకు మొదట నేర్పేది ఒకటే: బొటనవేలు హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టుకోవద్దు, మిగతా నాలుగు వేళ్ల పక్కనే పెట్టుకో. తన్నినా చెయ్యి జారిపోతుంది, వేలు మిగులుతుంది. ఇంకో ప్రమాదం ఉంది, మనకు కావాల్సింది అది. బండి గేర్‌లో ఉండగా హ్యాండిల్ తిప్పితే, ఇంజన్ అందుకున్న క్షణంలో బండి ముందుకు వస్తుంది. ముందు నిలబడి ఉన్నది ఎవరు? హ్యాండిల్ తిప్పినవాడే.

కాబట్టి అప్పటి డ్రైవర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందు క్యాబిన్‌లో చెయ్యి పెట్టి గేర్ రాడ్ అటూ ఇటూ ఊపి చూసుకునేవాడు. ఫ్రీగా ఊగిందా, అప్పుడే బండి ముందుకు వచ్చేవాడు. తప్పు జరిగితే తగిలేది తనకే, అందుకే ఆ భయం. స్విచ్ లేని కాలంలో ఆ భయమే స్విచ్.

ఇది రాజుల ముచ్చట మాత్రమే కాదు. 1932లో నిజాం స్టేట్ రైల్వే వాళ్లు రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులతో మొదలుపెట్టారు. ఈ రోజు మన ఆర్టీసీకి మూలం అదే. ఆ కాలపు బస్సులు, లారీల దగ్గర హ్యాండిల్ తిప్పే పని క్లీనర్‌ది. ఇక్కడ ఒక మెలిక గమనించండి. గేర్ దగ్గర కూర్చున్నది ఒకరు, బండి ముందు నిలబడ్డది ఇంకొకరు. చూసుకోవాల్సిన మనిషి, దెబ్బ తగిలే మనిషి వేరైపోయారు. క్లీనర్ గొంతెత్తి అడగాలి, డ్రైవర్ జవాబు చెప్పాలి. హ్యాండిల్ రాడ్డు మన రోడ్ల మీద చాలా కాలం బతికింది. అంబాసిడర్ డిక్కీలో జాకీ పక్కన అది పడి ఉండటం మీ నాన్నల తరం బాగా ఎరుగుదురు. బ్యాటరీ దిగితే అదే దిక్కు.

ఇక అమెరికా. క్యాడిలాక్ కంపెనీ పెద్ద హెన్రీ లేలాండ్. ఆయన స్నేహితుడు బైరన్ కార్టర్ అనే కార్ల తయారీదారు, ఎవరికో సాయంగా హ్యాండిల్ తిప్పబోతే అది వెనక్కి తన్నిందని, ఆ దెబ్బతోనే చివరికి పోయాడని, అందుకే లేలాండ్ హ్యాండిల్ లేని కారు కావాలని పట్టుబట్టాడని ఒక కథ. సంవత్సరం, చోటు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు కాబట్టి దాన్ని కథగానే తీసుకోండి. కారు తయారైంది మాత్రం నిజం. చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీర్ 1911లో కరెంటు స్టార్టర్ చేసి చూపించాడు, 1912 మోడల్ క్యాడిలాక్‌లో అది వచ్చింది. కెటరింగ్ అంతకుముందు దుకాణాల్లో డబ్బులు లెక్కపెట్టే క్యాష్ రిజిస్టర్‌కు మోటార్ పెట్టినవాడు. డ్రాయర్ తెరవడానికి మోటార్ రోజంతా తిరగక్కర్లేదు, ఒక్క క్షణం గట్టిగా లాగితే చాలు. ఇంజన్‌ను లేపడానికీ అంతే కదా అని ఆయన ఆలోచన. చిన్న మోటార్, కొన్ని సెకన్ల పాటు పెద్ద బలం. ఇప్పటికీ మీ కారులో సెల్ఫ్ మోటార్ పనిచేసే పద్ధతి అదే. అందుకే మెకానిక్ అన్న 'సెల్ఫ్ అదే పనిగా కొట్టకు, కాలిపోతది' అంటాడు.

సెల్ఫ్ వచ్చాక చేతులు విరగడం పోయింది. డ్రైవర్ బండి ముందు నుంచి సీట్లోకి వచ్చాడు. నా లెక్కలో ఇక్కడే ఒక సంగతి జారిపోయింది: ఆ భయం. ఇప్పుడు గేర్‌లో ఉండగా బటన్ నొక్కితే తగిలేది ముందు నిలబడ్డ ఇంకెవరికో. మాన్యువల్ గేర్ల కాలంలో ఇది అంత పెద్దగా బయటపడలేదు. కారు ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయేది, చాలాసార్లు అంతటితో సరి. గేర్ రాడ్ ఊపి చూసే అలవాటు కూడా మిగిలింది. మన డ్రైవింగ్ స్కూళ్లలో ఇప్పటికీ మొదటి పాఠం అదే: ముందు న్యూట్రల్ చూడు, తర్వాత తాళం తిప్పు.

1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్ బాక్స్ జనంలోకి వచ్చింది. ఆటోమేటిక్‌లో క్లచ్ పెడల్ లేదు. డ్రైవ్‌లో ఉండగా ఇంజన్ స్టార్ట్ అయితే బండి ఎగిరి ఆగదు, నడుస్తూనే పోతుంది. అక్కడ ఈ స్విచ్ అవసరం బాగా తెలిసొచ్చింది. పైగా ఆ రోజుల్లో గేర్ల వరుస ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. కొన్నింట్లో రివర్స్ చివర ఉండేది, ముందుకు పోయే గేర్ పక్కనే. ముందుకు అనుకుని లాగితే వెనక్కి పోయేది. రాల్ఫ్ నాడర్ 1965లో రాసిన 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' పుస్తకం ఈ గేర్ల వరుసను కూడా కడిగేసింది. 1966లో అమెరికాలో వాహన భద్రతా చట్టం వచ్చింది. దాని కింద 102వ నంబర్ ప్రమాణం 1968 జనవరి 1 నుంచి అమలైంది. అది చెప్పేది రెండు ముక్కల్లో: ముందుకు, వెనక్కి పోయే గేర్ల మధ్య తప్పకుండా న్యూట్రల్ ఉండాలి, లీవర్ ముందుకో వెనక్కో పోయే గేర్‌లో ఉంటే స్టార్టర్ పనిచేయకూడదు. ఈ రోజు ఏ ఆటోమేటిక్ కారు చూసినా పి, ఆర్, ఎన్, డి అన్న వరుస కనిపించేది దాని వల్లే.

ఇంతకీ ఆ స్విచ్ ఎట్ల పనిచేస్తది? మీరు తాళం తిప్పితే బ్యాటరీ కరెంటు నేరుగా సెల్ఫ్ మోటార్‌కు పోదు. మోటార్‌కు వంద ఆంపియర్లు దాటే కరెంటు కావాలి, అంత కరెంటు తాళం తీగల గుండా పోతే అవి కాలిపోతయి. కాబట్టి సన్న తీగలో చిన్న కరెంటు సోలనాయిడ్‌కు పోతుంది. సోలనాయిడ్ అంటే సెల్ఫ్ మోటార్ మీద కూర్చున్న చిన్న డబ్బా. అది అయస్కాంతమై లోపలి కడ్డీని లాగుతుంది, అప్పుడు లావు కేబుల్ కలుస్తుంది, మోటార్ తిరుగుతుంది. న్యూట్రల్ స్విచ్ ఉండేది ఆ సన్న తీగ దారిలో. లీవర్ పి లోనో ఎన్ లోనో ఉంటే స్విచ్ లోపలి పాయింట్లు కలుస్తయి, దారి తెరుచుకుంటుంది. డి లోకి, ఆర్ లోకి పోతే విడిపోతయి. కొత్త కార్లలో ఇదే స్విచ్ కంప్యూటర్‌కు ఇప్పుడు ఏ గేర్ అనేది చెబుతుంది, స్టార్ట్ చేయాలా వద్దా అనేది కంప్యూటర్ చూసుకుంటుంది. చాలా మాన్యువల్ కార్లలో క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ పడే స్విచ్ వస్తోంది. 2014లో సెలెరియోతో మన దగ్గర మొదలైన ఏఎంటీ కార్లలో సాధారణంగా పి ఉండదు. బ్రేక్ తొక్కి, ఎన్ లో పెట్టి తాళం తిప్పాలి. స్కూటీలో బ్రేక్ పట్టుకుంటేనే సెల్ఫ్ పడేది కూడా ఈ చుట్టరికమే.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన బండి గురించి చెప్తా. ఫెర్గూసన్ టీఈ20. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో 1946 నుంచి 1956 దాకా 5 లక్షలకు పైగా తయారైన చిన్న బూడిద రంగు ట్రాక్టర్. దాంట్లో స్టార్ట్ చేయడానికి వేరే బటన్ లేదు. గేర్ రాడ్‌నే 'ఎస్' అనే చోటుకు నెట్టాలి, అప్పుడే సెల్ఫ్ పడుతుంది. ఒకే రాడ్ ఒకేసారి రెండు చోట్ల ఉండలేదు కదా! గేర్‌లో ఉంటే ఎస్ దగ్గర ఉండదు, ఎస్ దగ్గర ఉంటే గేర్‌లో ఉండదు. గేర్‌లో ఉందా లేదా అని కనిపెట్టే స్విచ్‌తో పనే లేదు. తప్పు చేయడానికి డిజైన్‌లోనే చోటు లేకుండా చేసేశారు. కోడ్ రాసేవాళ్లు ఇలాంటిది చూస్తే లేచి దండం పెడతారు, నేనైతే పెట్టాను.

ఆ ఫెర్గూసన్ పేరు తర్వాత మ్యాసీ హ్యారిస్‌తో కలిసి మ్యాసీ ఫెర్గూసన్ అయింది. వాళ్లతో కలిసి 1960లో మద్రాసులో టాఫే కంపెనీ మొదలైంది. అట్ల మన పొలాల్లోకి 'మ్యాసీ' వచ్చింది. ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లయితే మన తెలంగాణలోనే, జహీరాబాద్‌లో తయారవుతున్నయి.

ఇక మన పాలమూరుకు వద్దాం. జూరాల నీళ్లు, కల్వకుర్తి లిఫ్ట్ నీళ్లు వచ్చిన చోట వరి పెరిగింది. వరి అంటే బురద. ఇనుప చక్రాలు కట్టుకుని, రోటవేటర్ వేసుకుని ట్రాక్టర్ మోకాలి లోతు బురదలో తిరుగుతుంది. గద్వాల వైపు సీడు పత్తి చేన్లు, ట్రాలీ పనులు సరేసరి. బురద, నీళ్లు, దుమ్ము, అదురు, ఇవన్నీ ఒక చిన్న స్విచ్‌కు శత్రువులే. ఏదో ఒక రోజు పాయింట్లకు తుప్పు పడుతుంది. తాళం తిప్పితే ఉలుకూ పలుకూ ఉండదు. అదీ సరిగ్గా నాట్ల టైంలో.

"అన్నా, సెల్ఫ్ పడతలేదు."

"స్విచ్ పోయినట్టుంది. షోరూం నుంచి తెప్పియ్యాలె. అర్జెంటైతే డైరెక్ట్ చేస్త."

డైరెక్ట్ చేయడమంటే స్విచ్‌కు వచ్చే రెండు తీగలు పీకి, ఒకదానికొకటి కలిపి టేపు చుట్టడం. రెండు నిమిషాల పని. నేను ఆ మెకానిక్‌నూ తిట్టను, ఆ రైతునూ తిట్టను. కూలోళ్లు గట్టు మీద కూర్చుని ఉన్నరు, కాలువ నీళ్లు వంతు ప్రకారం వస్తయి, కిరాయికి మాట్లాడుకున్నోడు ఫోన్ మీద ఫోన్ చేస్తుండు. ఆ పూట ఎవరైనా డైరెక్టే చేయమంటరు. చిక్కు ఏందంటే, సీజన్ అయిపోయినా ఆ టేపు అట్లనే ఉంటది. కొత్త స్విచ్ రాదు. బండి చేతులు మారుతుంది, కొన్నవాడికి ఆ టేపు సంగతే తెలియదు.

దీనికన్నా ఘోరమైంది ఇంకోటి ఉంది. తాళం పనిచేయకపోతే కిందికి దిగి, ముందు చక్రానికి వెనక చక్రానికి మధ్య నిలబడి, స్క్రూడ్రైవర్‌తో సోలనాయిడ్ మీది రెండు బోల్టులు కలపడం. చిటపటమని నిప్పు రవ్వలు వస్తయి, బండి లేస్తుంది. తాళం నుంచి, న్యూట్రల్ స్విచ్ నుంచి వచ్చే దారి మొత్తం పక్కకు పోయింది. అంటే బండి గేర్‌లో ఉన్నా లేస్తుంది.

మన దగ్గర ట్రాక్టర్‌ను గేర్‌లో వేసి ఆపడం మామూలే. హ్యాండ్ బ్రేక్ మీద నమ్మకం తక్కువ. మన్ననూరు దాటి నల్లమల ఘాట్‌లో బండి ఆపితే గేర్‌లో వేసి, టైరు కింద రాయి పెట్టని డ్రైవర్ ఉండడు. వాలులో అది మంచి అలవాటే. కానీ రాత్రి ఒకరు గేర్‌లో ఆపి పోతరు, పొద్దున ఇంకొకరు స్క్రూడ్రైవర్ పట్టుకుని వస్తరు.

కారు అయితే ఎగిరి ఆగుతుందని చెప్పాను కదా, ట్రాక్టర్ ఆగదు. దాని మొదటి గేర్ ఎంత తక్కువ వేగానిదంటే, ఇంజన్ లేవకముందే సెల్ఫ్ మోటార్ ఒక్కటే బండిని కదిలించగలదు. ఇంజన్ అందుకున్నాక బరువు మీద పడుతుంటే లోపలి గవర్నర్ డీజిల్ ఇంకా ఎక్కువ ఇస్తుంది. ఎదురుగా ఏది అడ్డమొస్తే దాన్ని ఎక్కుతూ పోవడానికే ఆ యంత్రాన్ని చేశారు. అప్పుడు వెనక చక్రం వస్తున్నది ఎటువైపు? స్క్రూడ్రైవర్ పట్టుకున్నవాడి వైపే. సెల్ఫ్ మోటార్ ఉండేది ఇంజన్ పక్కన, ఆ మనిషి నిలబడేది ఆ పెద్ద టైరుకు ఎదురుగా. దూకడానికి టైం ఉండదు.

అంటే చూడండి, మనం తిరిగి తిరిగి నిజాం కారు దగ్గరికే వచ్చినం. నేల మీద నిలబడి, బండి దారిలో ఉండి, చేత్తో స్టార్ట్ చేయడం. తేడా ఒక్కటే. హ్యాండిల్ తిప్పేవాడికి తను ఎక్కడ నిలబడ్డాడో తెలుసు, అందుకే ముందు గేర్ రాడ్ ఊపి చూసేవాడు. స్క్రూడ్రైవర్ పట్టుకున్నవాడికి ఆ గుర్తు ఉండదు, ఎందుకంటే కంపెనీ వాడు ఏదో స్విచ్ పెట్టాడులే అన్న ధీమా ఎక్కడో లోపల ఉంటుంది. ఆ స్విచ్‌ను తన చేత్తోనే దాటేశాడన్నది ఆలోచనకే రాదు.

తాళం బండికే వదిలేసే ఇళ్లలో ఇంకో భయం పిల్లలు. సీటెక్కి ఆడుకుంటూ తాళం తిప్పుతారు. స్విచ్ బాగుంటే గేర్‌లో ఉన్న బండి కదలదు. డైరెక్ట్ చేసిన బండి అయితే కదులుతుంది.

సరే, స్విచ్ పోతుందని ముందే ఎట్ల తెలుస్తది? ముందు బ్యాటరీని పక్కన పెట్టాలి. తాళం తిప్పితే టిక్ టిక్ టిక్ అని వరుసగా కొట్టుకుంటూ, లైట్లు మసకబారితే అది చాలాసార్లు బ్యాటరీ గొడవ, లేదా దాని టెర్మినల్ లూజు. హారన్ గట్టిగా మోగుతోంది, హెడ్‌లైట్ నిండుగా వెలుగుతోంది, అయినా సెల్ఫ్ దగ్గర ఒక్క టిక్కు కూడా లేదంటే అప్పుడు ఈ స్విచ్ మీద, రిలే మీద అనుమానపడాలి. ఆటోమేటిక్ కారులో పి లో స్టార్ట్ కాకుండా ఎన్ లో అయితే, లేదా లీవర్‌ను కొంచెం అటూ ఇటూ కదిపితే అప్పుడు పడితే, పాయింట్లు అరిగినట్టు, లేదా లీవర్ కేబుల్ సాగి స్విచ్ చోటు తప్పినట్టు. చాలా కార్లలో రివర్స్ లైటుకు కరెంటు ఇచ్చేది కూడా ఈ స్విచ్చే కాబట్టి, రివర్స్ వేస్తే లైటు వెలగకపోవడం, మీటర్లో ఒక గేర్ చూపిస్తూ లీవర్ ఇంకో గేర్‌లో ఉండటం కూడా గుర్తులే. బైక్‌లో గేర్‌లో ఉన్నా ఎన్ వెలగడం, న్యూట్రల్‌లో వెలగకపోవడం కూడా ఇట్లాంటిదే. అక్కడ లైటును నమ్మకుండా బండిని ముందుకూ వెనక్కూ తోసి చూడాలి.

ఇవన్నీ చిరాకు తెప్పించే లక్షణాలు, బండి స్టార్ట్ కాదు అంతే. అసలు భయపడాల్సింది దీనికి రివర్స్‌లో ఉండే లక్షణం. స్విచ్ లోపల పాయింట్లు అతుక్కుపోతే బండి డి లో కూడా స్టార్ట్ అవుతుంది. ఏ చిరాకూ ఉండదు కాబట్టి ఎవరూ షెడ్డుకు పోరు. ఒక్కసారి డి లో సెల్ఫ్ పడిందంటే ఆ బండిని అదే రోజు మెకానిక్‌కు చూపించాలి.

ఈ స్విచ్ వల్ల ఇబ్బందే లేదా అంటే, ఒకటి ఉంది. రైలు గేటు మధ్యలో కారు ఆగిపోతే మొదటి గేర్ వేసి, క్లచ్ వదిలేసి, సెల్ఫ్ కొడుతూ బండిని పట్టాలు దాటించమని పాత డ్రైవర్లు చెప్పేవారు. క్లచ్ స్విచ్ ఉన్న కారులో అది కుదరదు. ఆ విద్య పోయింది. నా మట్టుకు నాకు, రోజూ పనికొచ్చే కాపలా కోసం ఎప్పుడో ఒకసారి పనికొచ్చే ఆ ఉపాయం వదులుకోవచ్చు. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఇక సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ కొనేవాళ్లకు. టీఎస్ 31, 32, 33 నంబర్ల బండి అయినా, బయటి జిల్లాది అయినా, ఆర్‌సీ కాగితం, టైర్లతో పాటు ఇది కూడా చూడండి. బండిని చదునైన ఖాళీ జాగాలో పెట్టండి, ముందూ వెనకా మనిషి ఉండొద్దు. సీట్లో కూర్చుని రెండు బ్రేకులూ కలిపి తొక్కండి, క్లచ్ పూర్తిగా కిందికి తొక్కి పట్టండి, గేర్ వేయండి, అప్పుడు తాళం తిప్పండి. క్లచ్ కింద ఉంది కాబట్టి బండి కదలదు. సెల్ఫ్ పడకపోతే స్విచ్ తన పని తను చేస్తోంది. పడితే, ఆ మోడల్‌కు న్యూట్రల్ స్విచ్ ఉందా అని షోరూంలో అడగండి. ఉందంటే ఎవరో డైరెక్ట్ చేసినట్టే. తర్వాత ఇంజన్ ఆపి దిగి సోలనాయిడ్ చూడండి. బోల్టుల మీద రబ్బరు మూత ఉందా, స్క్రూడ్రైవర్ నిప్పు రవ్వలకు కరిగిన నల్ల మచ్చలు ఉన్నయా? మచ్చలు ఉంటే ఆ బండిని ఇన్నాళ్లు ఎట్ల లేపారో అవే చెబుతయి. బేరం ఆడేటప్పుడు కొత్త స్విచ్ ఖర్చు, వైరింగ్ ఖర్చు తగ్గించి అడగండి. బండి ఇంటికి తెచ్చే ముందే వేయించండి, నాట్లు మొదలైతే మళ్లీ ఎవరికీ తీరదు.